కమ్యూనిటీ టెక్ కాన్ఫరెన్స్‌లో మొదటిసారి వాలంటీర్: రిజిస్ట్రేషన్ డెస్కా, హాల్ డ్యూటీయా?

మేడ్చల్_పైథాన్:

అందరికీ నమస్కారమండి. హైదరాబాద్ శివార్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో జరగబోయే ఓపెన్ సోర్స్ కాన్ఫరెన్స్‌కి వాలంటీర్‌గా పేరిచ్చాను. రెండు రోజులు, రెండు హాళ్లు, 350 మంది దాకా వస్తారని అంచనా. నడిపేది కంపెనీ కాదు, యూజర్ గ్రూప్ (ఆసక్తి ఉన్నవాళ్లు కలిసి పెట్టుకున్న సంఘం) వాళ్లే. ఈవెంట్ మేనేజ్‌మెంట్ వాళ్లు ఎవరూ లేరు. సౌండ్ సిస్టమ్, ప్రొజెక్టర్లు కాలేజీవి. రికార్డింగ్ మాత్రం మనమే చేసుకోవాలి.

రిజిస్ట్రేషన్ డెస్క్, హాల్ డ్యూటీ, రెంటిలో ఒకటి ఎంచుకోమన్నారు. ఇంకా మూడు వారాల టైముంది. మొదటిసారి చేసేవాళ్లకి ఏది నయం? ఇప్పటినుంచే ఏం సిద్ధం చేసుకోవాలి, ఎక్కడ దెబ్బ తింటుంది? "నవ్వుతూ పలకరించండి" లాంటి సలహాలు వద్దు, పని చెప్పండి.

క్యూ_మేనేజర్:

డెస్క్ తీసుకోండి. పని మొదటి రోజు పొద్దున గంటన్నరలో దాదాపు అయిపోతుంది. కానీ ఆ గంటన్నరలో తేడా వస్తే కీనోట్ (మొదటి ముఖ్య ప్రసంగం) లేటవుతుంది, కీనోట్ లేటైతే సాయంత్రం దాకా షెడ్యూల్ కోలుకోదు. అందుకని ముందే లెక్క వేసుకోండి.

350 మందిలో 200 మంది కీనోట్‌కి ముందు 40 నిమిషాల్లోనే వచ్చి పడతారనుకుందాం. క్యూఆర్ స్కాన్ చేసి బ్యాడ్జీ చేతిలో పెట్టడానికి మనిషికి 20 సెకన్లు పడితే ఒక కౌంటర్ నిమిషానికి ముగ్గురిని పంపుతుంది. నాలుగు కౌంటర్లకి నిమిషానికి 12 మంది, అంటే 17 నిమిషాల్లో అందరూ లోపలికెళ్లిపోతారు. అదే బ్యాడ్జీ వెతకడానికే నిమిషం పడితే నాలుగు కౌంటర్లూ కలిసి నిమిషానికి నలుగురిని పంపుతాయి. 200 మందికి 50 నిమిషాలు. కౌంటర్లు పెంచడం కాదు, వెతుకులాట తగ్గించాలి.

వెతుకులాట ఎందుకొస్తుందంటే, మన పేర్ల వల్ల. టికెట్ ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లుంటాయి. మనవాళ్లలో కొందరు ఇంటిపేరు ముందు రాస్తారు, కొందరు వెనక రాస్తారు, కొందరు ఒట్టి ఇనిషియల్ పెడతారు. బ్యాడ్జీలు "ఏ నుంచి హెచ్ వరకు ఈ కౌంటర్" అని అక్షరాల వారీగా సర్దితే, సాయి కిరణ్ 'ఎస్' కౌంటర్‌లో నిలబడతాడు, అతని బ్యాడ్జీ ఇంటిపేరు మీద 'కె' పెట్టెలో ఉంటుంది. పైగా సాయి, శ్రీ, శివ, సత్య అన్నీ 'ఎస్'లోకే, వెంకట, విజయ అన్నీ 'వి'లోకే. ఆ రెండు క్యూలూ గేటు దాకా ఉంటాయి, మిగతా కౌంటర్లవాళ్లు ఖాళీగా కూర్చుంటారు.

దీనికి మందు: బ్యాడ్జీ మూలన సీరియల్ నంబరు ప్రింట్ చేయండి, 1 నుంచి 350 వరకు. అదే నంబరు టికెట్ మెయిల్‌లోనూ, స్కాన్ చేసినప్పుడు తెర మీదా కనబడాలి. 1–90 ఒక కౌంటర్, 91–180 ఇంకోటి, అలా. షూ డబ్బాల్లో పదేసి నంబర్లకి ఒక అట్టముక్క అడ్డం పెట్టి నిలబెడితే ఐదు సెకన్లలో దొరుకుతుంది. వచ్చినవాళ్లు తమ నంబరు చూసుకోవడానికి క్యూకి ముందే ఒక వాలంటీర్ నిలబడి "మెయిల్ తెరిచి పెట్టుకోండి, ఫోన్ బ్రైట్‌నెస్ పెంచండి" అని చెబుతూ ఉండాలి. సగం ఆలస్యం అక్కడే పోతుంది.

బ్యాడ్జీ రెండు వైపులా ప్రింట్ చేయించండి. ఒక్క హుక్కు లాన్యార్డ్ (బ్యాడ్జీ మెడలో వేసుకునే తాడు) తిరగబడుతూనే ఉంటుంది, వెనక తెల్లకాగితం చూపిస్తూ తిరుగుతారు జనం. పేరు పెద్దగా, కంపెనీ చిన్నగా ఉండాలి. పేర్లు తెలుగులో వేస్తే మాత్రం ఒక జాగ్రత్త. బ్యాడ్జీ పీడీఎఫ్‌లు తయారుచేసే స్క్రిప్టుల్లో చాలావాటికి మన వత్తులు పెట్టడం రాదు. "లక్ష్మి"లో క, ష, మ విడివిడిగా పొల్లులతో పడతాయి, "శ్రీ"లో రావత్తు పక్కకి పోతుంది. హెచ్‌టీఎంఎల్‌లో డిజైన్ చేసి బ్రౌజర్ నుంచి పీడీఎఫ్‌కి ప్రింట్ చేస్తే ఈ బెడద ఉండదు, ఎందుకంటే బ్రౌజర్ అక్షరాల్ని సరిగ్గా కూర్చుతుంది. మొత్తం ప్రెస్‌కి పంపేముందు లక్ష్మి, శ్రీకృష్ణ, స్వాతి, జ్యోత్స్న అన్న నాలుగు పేర్లు ఒక కాగితం మీద తీసి చూడండి. ఆ నాలుగూ సరిగ్గా పడితే మిగతావాటికి భయం లేదు.

స్కానింగ్ విషయం. టికెట్లు స్కాన్ చేసే ప్రెటిక్స్ స్కాన్ యాప్ ఆఫ్‌లైన్‌లోనూ నడుస్తుంది. అయితే టికెట్ల జాబితా ముందు రోజు రాత్రే అన్ని ఫోన్లలోకి దిగి ఉండాలి. ఆఫ్‌లైన్‌లో ఉన్న ఫోన్‌కి పక్క ఫోన్‌లో అదే టికెట్ స్కాన్ అయిన సంగతి తెలియదని గుర్తుంచుకోండి. జాబితా కాగితం మీద రెండు కాపీలు తప్పనిసరి. పేమెంట్ అయింది కానీ టికెట్ రాలేదు, పేరు తప్పు పడింది, స్నేహితుడి బదులు వచ్చాను... ఇలాంటివన్నీ క్యూలో తేల్చకండి. పది అడుగుల దూరంలో ఒక టేబుల్ వేసి అక్కడికి పంపండి. టీషర్టులు కూడా డెస్క్ దగ్గర వద్దు. "ఎల్ సరిపోతుందా, ఎక్స్‌ఎల్ ఇస్తారా" అన్న ఒక్క మాటకి ముప్ఫై సెకన్లు పోతాయి. పదకొండింటి టీ బ్రేక్‌లో వేరే చోట పంచండి.

ఫాస్‌డెమ్ అనే ఓపెన్ సోర్స్ కాన్ఫరెన్స్ వాళ్లు బ్రసెల్స్‌లో వేలమందికి అసలు రిజిస్ట్రేషనే లేకుండా కానిచ్చేస్తారు, వచ్చి కూర్చోవడమే. మన కాలేజీ గేట్ల దగ్గర ఆ ముచ్చట కుదరదు. సెక్యూరిటీ వాళ్ల దగ్గర ప్రిన్సిపాల్ సంతకంతో అనుమతి లెటర్ కాపీ, స్పీకర్ల పేర్లు, క్యాటరింగ్ వ్యాన్ నంబరు ముందు రోజు సాయంత్రానికే ఉండాలి. పగలు గార్డుకి ఇచ్చిన కాగితం పొద్దున షిఫ్టు గార్డుకి చేరదు. లెటర్‌ని గేటు గదిలో గోడకి అంటించి రండి.

మైక్_టెస్టింగ్_123:

డెస్క్ గురించి పైన చెప్పినవన్నీ కరెక్టే. కానీ కాన్ఫరెన్స్ అంటే ఏంటో నేర్చుకోవాలంటే హాల్ డ్యూటీయే తీసుకోండి. టాక్ నడుస్తున్నంతసేపు హాల్లో ఏ గొడవా ఉండదు. గొడవంతా ఒక టాక్‌కీ ఇంకో టాక్‌కీ మధ్య ఉన్న ఐదు పది నిమిషాల్లోనే. మీ ఉద్యోగం ఆ పది నిమిషాలు కాపాడటం.

ముందు షెడ్యూల్ చూడండి. టాక్‌ల మధ్య గ్యాప్ లేకుండా 30 నిమిషాల స్లాట్లు వరసగా ఉంటే ఇప్పుడే ఆర్గనైజర్లతో మాట్లాడి మార్పించండి. 25 నిమిషాల మాట, 5 నిమిషాల ప్రశ్నలు, 10 నిమిషాల ఖాళీ. ఈ పది నిమిషాలు "వృథా" అనేవాళ్లు ఉంటారు. లాప్‌టాప్ మార్చడం, మైక్ తగిలించడం, జనం లేచి వెళ్లి ఇంకొకరు కూర్చోవడం, ఇవన్నీ ఎలాగూ జరుగుతాయి. షెడ్యూల్‌లో చోటివ్వకపోతే తర్వాతి స్పీకర్ టైములోంచి జరుగుతాయి, అంతే తేడా.

స్పీకర్ లాప్‌టాప్‌ని ప్రొజెక్టర్‌కి తగిలించి చూడటం ఆ రోజు పొద్దున టీ టైములోనో, లంచ్‌లోనో అయిపోవాలి. టాక్‌కి ముందు నిమిషంలో కాదు. హాల్ కిట్‌లో ఇవి ఉండాలి: టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐ అడాప్టర్లు రెండు (ఒకటి కచ్చితంగా ఎవరి బ్యాగులోనో వెళ్లిపోతుంది), మినీ డిస్‌ప్లేపోర్ట్‌ది ఒకటి, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏ ఒకటి. చివరిది కొనేటప్పుడు దిక్కు చూసుకోండి. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐ అనేది వేరే వస్తువు, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, ఒకదాని పని ఇంకోటి చేయదు. హెచ్‌డీఎంఐ కేబుల్ 10 మీటర్లు దాటితే మామూలుదాన్ని నమ్మలేం. తెర మినుకుమినుకుమంటుంది, లేదా అసలు రాదు. ప్రొజెక్టర్ హాల్ వెనక్కి ఉంటే క్యాట్-6 వైరు మీద నడిచే ఎక్స్‌టెండర్ కావాలి. తెర రాకపోతే ముందు రిజల్యూషన్ 1280×720కి తగ్గించి చూడండి. పాత ప్రొజెక్టర్లు, లైనక్స్ లాప్‌టాప్‌ల మధ్య పేచీ చాలావరకు దాంతో తీరుతుంది.

కరెంటు. పవర్ పోయి జనరేటర్ అందుకునేది కొద్ది సెకన్లలోనే కావచ్చు. కానీ బల్బు ప్రొజెక్టర్ ఒకసారి ఆరితే చల్లారేదాకా మళ్లీ వెలగదు, కొన్ని నిమిషాలు గోవిందా. ప్రొజెక్టర్‌కీ, రికార్డింగ్ సిస్టమ్‌కీ యూపీఎస్ అడగండి. కాలేజీ ల్యాబుల్లో ఎలాగూ ఉంటాయి.

సౌండ్ బాక్సుల్లోంచి "గుయ్" మంటూ మోత వస్తే అది చాలాసార్లు లాప్‌టాప్ చార్జర్ ద్వారా వచ్చే 50 హెర్ట్జ్ హమ్. చార్జర్ పీకి చూడండి. ఆగిపోతే సంగతి అదే. టాక్ ఉన్న అరగంట బ్యాటరీ మీద నడిపించండి, లేదా గ్రౌండ్ లిఫ్ట్ (ఆడియో వైరులో గ్రౌండ్ లింకు తెంపే స్విచ్) ఉన్న డీఐ బాక్స్ అనే చిన్న పెట్టెని లాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్యలో పెట్టండి. ఎవరో ఒకరు "మూడో పిన్ను తీసేస్తే పోతుంది" అంటారు. మోత పోతుంది, ఎర్తింగ్ కూడా పోతుంది. ఒప్పుకోవద్దు.

రికార్డింగ్ ఓబీఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేస్తుంటే ఫైల్ ఫార్మాట్ ఎంకేవీ పెట్టండి, ఎంపీ4 వద్దు. మామూలు ఎంపీ4లో ఫైల్ సూచిక చివర్లో రాస్తారు. మధ్యలో సిస్టమ్ ఆగిపోతే అప్పటిదాకా రికార్డయింది కూడా తెరుచుకోదు. ఎంకేవీ అయితే ఆగినచోటు దాకా ఉంటుంది. తర్వాత ఓబీఎస్‌లోనే రీమక్స్ అని ఉంది, నిమిషంలో ఎంపీ4 అయిపోతుంది. సెకనుకి 8 మెగాబిట్లు పెడితే గంటకి 3.6 జీబీ. రోజుకి ఏడు గంటలు, రెండు హాళ్లు, రెండు రోజులు, అంతా కలిపి 100 జీబీ. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే ఒక్కో ఫైల్ 4 జీబీ దగ్గర ఆగిపోతుంది, ఫార్మాట్ మార్చుకోండి. మిక్సర్ నుంచి వచ్చే లైన్ అవుట్‌ని కెమెరా మైక్ ఇన్‌పుట్‌లో గుచ్చకండి, గొంతు చిట్లిపోతుంది. యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌లోకి తీసుకుని, గట్టిగా మాట్లాడినప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా పెట్టండి. ఒకరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూనే ఉండాలి. మీటర్‌లో పచ్చగీతలు ఆడుతున్నాయని వదిలేస్తే, చివరికి అది లాప్‌టాప్ లోపలి మైక్ శబ్దమని ఇంటికెళ్లాక తెలుస్తుంది. డెబియన్ (ఒక లైనక్స్ రకం) వాళ్ల కాన్ఫరెన్సుల్లో కెమెరాకి, సౌండ్‌కి, వీడియో మిక్సింగ్‌కి, స్పీకర్‌ని పరిచయం చేసి టైమ్ చూడటానికి వేర్వేరు వాలంటీర్లు ఉంటారు. మీకు అంతమంది లేకపోయినా హాల్‌కి ముగ్గురు కావాలి: రికార్డింగ్‌కి ఒకరు, స్టేజీ దగ్గర ఒకరు, ప్రశ్నల మైక్ పట్టుకుని తిరిగేవాళ్లు ఒకరు. ప్రశ్న మైక్‌లో అడగకపోతే వీడియోలో జవాబు ఒక్కటే ఉంటుంది.

టైమ్ కార్డులు ఏ4 సైజులో మూడు చాలు: 10, 5, "ఆపండి". మొదటి వరసలో మధ్యలో కూర్చుని చూపించాలి. స్పీకర్ తల ఊపేదాకా దించొద్దు. మూడోది చూపించినా ఆగకపోతే లేచి స్టేజీ పక్కన నిలబడండి. అప్పుడు ఆపని స్పీకర్ అరుదు.

మేడ్చల్_పైథాన్:

ఇద్దరికీ థ్యాంక్సండి. హాల్ డ్యూటీ వైపే మొగ్గుతున్నాను. ఒక డౌట్. కాలేజీలో హాల్‌కి ఒక్క కార్డ్‌లెస్ చేతి మైకే ఉందట. ఆన్‌లైన్‌లో రెండు వేల రూపాయల్లో టైప్-సి రిసీవర్‌తో వచ్చే కాలర్ మైకులు కొందామంటున్నారు మావాళ్లు. సరిపోతాయా?

మైక్_టెస్టింగ్_123:

యూట్యూబ్ వీడియోలకి బాగుంటాయి, నిండిన హాల్‌కి వద్దు. ఆ ధరలో వచ్చేవి దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. వైఫై, బ్లూటూత్ కూడా అక్కడే. ముందు రోజు సాయంత్రం ఖాళీ హాల్లో టెస్ట్ చేస్తే గంటలా మోగుతుంది. మర్నాడు 200 ఫోన్లు, వాటి ఇయర్‌బడ్స్ వచ్చి కూర్చుంటాయి. పైగా మనిషి ఒళ్లంతా నీరే, 2.4 సిగ్నల్‌ని మింగేస్తుంది. స్పీకర్ వెనక్కి తిరిగి తెర చూపించగానే ట్రాన్స్‌మిటర్‌కీ రిసీవర్‌కీ మధ్య అతనే అడ్డం, మాట ముక్కలు ముక్కలవుతుంది. టెస్ట్‌లో పాసై అసలు పూట ఫెయిలవడం దీని ప్రత్యేకత.

యూహెచ్‌ఎఫ్ (వైఫైతో సంబంధం లేని వేరే రేడియో బ్యాండ్) కాలర్ మైక్ సెట్టు సౌండ్ సిస్టమ్ వాళ్ల దగ్గర రోజు అద్దెకి తీసుకోండి. రెండు హాళ్లకి రెండు సెట్లు, ఫ్రీక్వెన్సీలు వేర్వేరుగా పెట్టించండి. గోడ అవతల హాల్ వాళ్ల గొంతు ఇక్కడ వినబడటం కూడా జరుగుతుంది. ఏఏ బ్యాటరీలు రోజుకి రెండుసార్లు, లంచ్‌లో ఒకసారి, పొద్దున ఒకసారి మార్చేయండి. సగం మిగిలిందని చూడకండి. అద్దె దొరక్కపోతే పోడియం మీద వైరు మైక్ ఒకటి పెట్టడం నయం. వైరుకి ఏ రోగమూ రాదు. వైరు మైక్ ఎలాగూ స్టేజీ మీద స్పేర్‌గా ఉండాలి.

కాలర్ మైక్ బిగించేచోట కూడా పని ఉంది. గడ్డానికి జానెడు కింద, చొక్కా మధ్యలో పెట్టాలి. ఐడీ కార్డు లాన్యార్డ్ దానికి కొట్టుకుని టకటక చప్పుడొస్తుంది. స్టేజీ ఎక్కేముందు లాన్యార్డ్ తీయించండి. చీర, దుపట్టా, కుర్తా వేసుకున్నవాళ్లకి ట్రాన్స్‌మిటర్ తగిలించడానికి బెల్టు ఉండదు. నడుముకి కట్టుకునే చిన్న పౌచ్ ఒకటి కిట్‌లో ఉంచండి, దాన్ని వాళ్ల చేతికిచ్చి వాళ్లనే పెట్టుకోనివ్వండి.

స్లాష్22:

వైఫై ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నా. సిగ్నల్ ఫుల్‌గా ఉంటుంది, నెట్ రాదు. పది గంటలప్పుడు అందరూ ఇదే అంటారు. చాలావరకు కారణం ఐపీ అడ్రసులు అయిపోవడం. కాలేజీ నెట్‌వర్క్‌లో ఆ బ్లాక్‌కి స్లాష్ 24 (అడ్రసుల గుంపు సైజు, అంకె తగ్గేకొద్దీ గుంపు పెద్దది) ఇచ్చి ఉంటే 254 అడ్రసులే. 350 మంది, తలా ఫోను, లాప్‌టాప్, అంటే 700. లీజు టైమ్ (ఒక అడ్రసుని ఒక ఫోన్‌కి కేటాయించి ఉంచే సమయం) 24 గంటలు పెట్టి ఉంటే పొద్దున కనెక్టయి వెళ్లిపోయినవాళ్ల అడ్రసు కూడా తిరిగి రాదు. కాలేజీ నెట్‌వర్క్ అడ్మిన్‌ని ఒక వారం ముందే కలిసి రెండే అడగండి: స్లాష్ 22 (1022 అడ్రసులొస్తాయి), లీజు ఒక గంట. హాల్లో 5 గిగాహెర్ట్జ్ యాక్సెస్ పాయింట్లు, చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్. వెడల్పు 80 పెడితే స్పీడ్ టెస్ట్‌లో బాగా కనబడుతుంది కానీ పక్క పక్క పాయింట్లు ఒకదాన్నొకటి తొక్కేసుకుంటాయి.

డెమో ఇచ్చే స్పీకర్‌కీ, లైవ్ స్ట్రీమ్‌కీ వైరు లాన్. దీనికి మినహాయింపు లేదు. వర్క్‌షాప్ ఉంటే డౌన్‌లోడ్ చేసుకోవాల్సినవి వారం ముందే మెయిల్‌లో పంపించమనండి. అరవై మంది ఒకేసారి 2 జీబీ డాకర్ ఇమేజ్ (ముందే సర్దిపెట్టిన సాఫ్ట్‌వేర్ మూట) లాగితే ఏ కాలేజీ లైనూ తట్టుకోదు.

రోస్టర్_అక్క:

మొదటిసారి కదా తమ్ముడూ, రెండూ వద్దు, మొదటి పూట రన్నర్‌గా తిరుగు అంటాను నేను. చేతిలో ఏ పనీ పెట్టుకోని మనిషి ప్రతి ఈవెంట్‌కీ ఇద్దరు కావాలి, ఎవరూ పెట్టరు. తాళంచెవి తేవడం, ఎలక్ట్రీషియన్‌ని పిలవడం, దారి తప్పిన స్పీకర్‌ని తీసుకురావడం, ఇవన్నీ హాల్ వాళ్లే చేయబోయి హాల్ వదిలేస్తారు. రెండో రోజు హాల్ తీసుకో, అప్పటికి ఏ స్విచ్ ఎక్కడుందో తెలిసిపోతుంది.

షిఫ్టులు రెండు గంటలకి మించొద్దు. మారే ఇద్దరూ పావుగంట కలిసి ఉండాలి. వాలంటీర్లకి లంచ్ అరగంట ముందే పెట్టించు. జనంతోపాటు తినమంటే సగంమంది తినరు, నాలుగింటికి ఓపిక అయిపోయి కసురుకుంటారు. బఫే టేబుల్ గోడకి ఆనించకుండా మధ్యలో వేయిస్తే రెండువైపులా క్యూ నడుస్తుంది. పెరుగన్నం, నీళ్లు టేబుల్ చివర కాకుండా విడిగా పెట్టించు, రెండోసారి వచ్చేవాళ్లు క్యూలో దూరరు. మనిషికి రోజుకి రెండు లీటర్ల లెక్కన 350 మందికి 20 లీటర్ల నీళ్ల క్యాన్లు 35. క్యాటరర్ 15 తెస్తానంటాడు.

ఇంకొకటి. ఎవరైనా నీ దగ్గరికొచ్చి ఫలానావాళ్లు ఇబ్బంది పెట్టారని చెబితే విచారణ నీ పని కాదు. వాళ్లని రద్దీలేని చోట కూర్చోబెట్టి, వాళ్లకి ఇష్టమైతే తోడుగా ఒకరిని ఉంచి, కోడ్ ఆఫ్ కాండక్ట్ (ప్రవర్తన నియమాలు) చూసే ఇద్దరిలో ఒకరికి ఫోన్ చెయ్యి. అవతలివాళ్లని నువ్వు అడగొద్దు, "వాళ్లు మంచోళ్లే" అనొద్దు, వాలంటీర్ల వాట్సాప్ గ్రూప్‌లో పేరు రాయొద్దు. ఆ ఇద్దరి నంబర్లు బ్యాడ్జీ వెనక ప్రింట్ చేయించాలి. క్యూ_మేనేజర్ గారూ, రెండువైపులా పేరన్నారు కానీ, ఒకవైపు అడుగున రెండు లైన్లు దీనికి వదలండి. ఇద్దరిలో కనీసం ఒకరు ఆడవాళ్లయి ఉండాలి.

క్యూ_మేనేజర్:

వదలొచ్చండి, చోటుంటుంది. షెడ్యూల్ కూడా ఇరికించమంటారు చాలామంది, అది మాత్రం వద్దు. ప్రింట్ అయ్యాక కనీసం రెండు టాక్‌లు మారతాయి. హాల్ తలుపు మీద ఏ3 కాగితం అంటిస్తే మార్చుకోవచ్చు. దాంతోపాటు "హాల్ నిండింది" అన్న కాగితం కూడా ఒకటి తయారుచేసి పెట్టుకోండి. మెట్ల మీద, తలుపు దగ్గర జనం నిలబడటం మొదలుకాగానే అంటించి, ఒకరు బయటికొస్తేనే ఒకరిని పంపండి.

మేడ్చల్_పైథాన్:

మొదటి రోజు రన్నర్, రెండో రోజు రెండో హాల్ స్టేజీ అని రాయించేశానక్కా. యూహెచ్‌ఎఫ్ సెట్టు అద్దె కనుక్కుంటున్నాం. స్లాష్ 22 సంగతి అడ్మిన్ గారికి మెయిల్ పెట్టాను. రెండో రోజు సాయంత్రం సర్దుడు గురించి ఏమైనా ఉందా?

మైక్_టెస్టింగ్_123:

ముగింపు సభ మొదలవగానే పక్క హాల్ విప్పేయండి. చివరికి వదిలితే చేతులుండవు, అందరూ గ్రూప్ ఫొటోలో ఉంటారు. వరస ఇది: ముందు రికార్డింగులు రెండో డిస్క్‌లోకి కాపీ, రెండు డిస్కులూ ఇద్దరు వేర్వేరు మనుషుల బ్యాగుల్లోకి. తర్వాత అద్దె సామాను, కాలేజీ సామాను, మన సామాను మూడు వేర్వేరు టేబుళ్ల మీద. అందుకే మొదటి రోజే మన కేబుళ్ల రెండు చివరలా ఒక రంగు టేపు చుట్టి ఉండాలి, నల్ల కేబుళ్లన్నీ ఒకటే. కాలేజీ మిక్సర్ మొదట ఎలా ఉందో ముందే ఫొటో తీసుకుని, నాబులన్నీ అలాగే పెట్టి, ల్యాబ్ అసిస్టెంట్‌కి తాళాలిచ్చి రిజిస్టర్‌లో సంతకం చేయించుకుని రండి.